సుంకులక్క పన్ను

ఈ కథ మా నాయనమ్మ చెప్పింది. ఏది ముందో, ఏది వెనకో ఈ మధ్య నాకు తారుమారవుతోంది. రాజుగారి చాటింపు దసరా కొలువుకి ముందే అయి ఉండాలి, అందుకని అలాగే రాస్తున్నాను. ఎక్కడైనా ముందుది వెనక్కి పోయి ఉంటే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

చింతలదుర్గం అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని జయకేతన మహారాజు ఏలేవాడు. చెడ్డవాడని అనలేం. తనంటే తనకు మహా ఇష్టం, అంతే. కోటలో ఏ గదికి వెళ్ళినా అద్దం ఉండేది. వంటశాలలో కూడా ఒకటి పెట్టించాడు. వంటవాళ్ళు అందులో చూసుకుంటూ పప్పు మాడ్చేవారు.

ఆయన కొలువులో విశ్వపతి శాస్త్రి అనే పండితుడు ఉండేవాడు. రాజుకు ఏం వినాలని ఉందో కనిపెట్టి, దాన్ని ముందుగా చెప్పడమే ఆయన పాండిత్యం.

"ప్రభూ, లోకంలో వెలుగంతా సూర్యుడి నుంచి వచ్చినట్టు, మన రాజ్యంలో చేతిపనుల అందమంతా తమ ముఖబింబం నుంచే పుడుతోంది. నేసేవాడికి తెలియదు, కుండ చేసేవాడికి తెలియదు. తమ ముఖమే వాళ్ళ చేతుల్లోకి దిగి పని చేయిస్తోంది" అన్నాడు ఒకనాడు.

రాజు అద్దంలో చూసుకున్నాడు. నిజమేననిపించింది.

మర్నాడే చాటింపు వేయించాడు. దసరా కొలువుకి పనివాళ్ళందరూ తాము చేసిన వస్తువు తెచ్చి చూపాలి. అది ఎలా చేశారో, దానికి ప్రేరణ ఎవరో సభలో చెప్పాలి. ఈ రాజ్యంలో ఏ చేతిపనికైనా మూలం మహారాజుగారి ముఖమే. కాదన్నవాడి పనిముట్లు కోటలో జమ అవుతాయి, వాడు మళ్ళీ ఆ పని ముట్టకూడదు.

ఆ కొలువులోనే బాచన అని ఒక హాస్యగాడున్నాడు. రాజుకు కోపం వచ్చినప్పుడు నవ్వించి దించడం అతని ఉద్యోగం. అతని నోటికి జవాబు దొరక్క ఆగిన సందర్భం అప్పటివరకూ ఒక్కటి కూడా లేదు. ఆ దసరాకి పనివాళ్ళను వరుసలో నిలబెట్టి లోపలికి పంపే పని అతనికి అప్పగించారు.

వరుసలో ముందు ఒక నేత ఆమె ఉంది. చీర అంచులో అలలు అలలుగా ఒక గీత పోయింది.

"ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగాడు బాచన.

"మా ఊరి వాగు సామీ. ఎండిపోయింది. అది ఎట్లా పారేదో మా పిల్లలకు తెలీదు. అందుకని అంచులో పెట్టినా."

లోపలికి వెళ్ళి, "ఏలినవారి మీసాల వంపు" అంది. రాజు మీసం దువ్వుకున్నాడు.

తరవాత కుమ్మరి వెళ్ళాడు. "ఈ గుండ్రం ఏలినవారి..." అని మొదలుపెట్టి, రాజుగారి పొట్ట వైపు చూసి, గుటక మింగి, "ముఖం" అన్నాడు.

గంటలు పోతపోసే అతను, "ఈ నాదం ఏలినవారి గొంతు" అని గంట కొట్టాడు. గంటకు బీట ఉన్నట్టుంది, టప్పుమంది. ఒక్కరూ నవ్వలేదు.

బయట ఒక మాట, లోపల ఒక మాట. బాచనకు అదంతా తమాషాగానే ఉంది, ఓబులప్ప వచ్చేదాకా.

ఓబులప్ప తోలుబొమ్మలాడించే ముసలివాడు. మేకతోలు నానబెట్టి, గీకి, మేకులు కొట్టి ఎండలో ఆరబెట్టి, సన్న ఉలితో చిల్లులు పొడిచి బొమ్మ చేస్తాడు. రంగులద్ది వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలై మెరుస్తాయి. అందరూ అతను రాముణ్ణో రావణుణ్ణో తెస్తాడనుకున్నారు. తెచ్చింది సుంకులక్కని. ఆటలో జనాన్ని నవ్వించే ఆడబొమ్మ అది. ముక్కు వంకాయంత ఉంటుంది. కింది పన్ను ఒకటి పై పెదవి మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది. తెర మీదికి రాగానే ఊరంతా గొల్లుమనేది.

సభలో కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి ఓబులప్ప కర్ర ఊపాడు. సుంకులక్క చేతులు తిప్పుకుంటూ నడిచింది. సభ నవ్వింది. రాజు కూడా నవ్వాడు.

"బాగుంది. దీనికి ప్రేరణ ఎవరు?"

"మా ఆడమనిషి సామీ. సుంకులమ్మ. పోయింది."

శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నిన్ను చెప్పమన్న మాట అది కాదు కదయ్యా."

"మీరు చెప్పమన్నది గుర్తుంది సామీ. దీని ముందర అనలేకపోయినా."

"నీ భార్య మొహం ఇంత వికారంగా ఉండేదా?" అన్నాడు రాజు.

"ఆ పన్నుకే నవ్వేటోళ్ళు సామీ. నేనూ నవ్వేటోణ్ణి. పోయినాక కొన్నాళ్ళకు మొగం మరుపు పడబట్టింది. కండ్లు మూసుకుంటే చేతులొస్తాయి, నడకొస్తాది, మొగం రాదు. పూర్తిగా పోకముందే తోలు మీద పొడిచి పెట్టుకున్నా. దీన్ని చూస్తే గుర్తుంటాది. చూడకపోతే లేదు."

రాజుకు ఎక్కడో గుచ్చుకుంది. తన ముఖం ఉండాల్సిన చోట ఒక పన్ను ముందుకొచ్చిన ఆడది ఉందంటే సహించలేకపోయాడు.

"వీడి ఉలులు లాక్కోండి. ఆ బొమ్మను ఇక్కడే కాల్చండి" అన్నాడు.

ఓబులప్ప బొమ్మను గుండెకు ఆనించుకున్నాడు. భటుడు దాన్ని లాక్కుని, హారతి పళ్ళెంలో ఉన్న దీపం దగ్గరికి తీసుకెళ్ళాడు.

"కాస్త ఆగు నాయనా. నీ పేరేమిటి?" అన్నాడు బాచన.

"ఎందుకయ్యా?"

"రేపు నీ తల తీసేటప్పుడు పిలవాలి కదా."

భటుడి చెయ్యి ఆగిపోయింది. రాజు ఇటు తిరిగాడు. "ఏమిటిది బాచనా?"

"మహారాజు ముఖాన్ని తగలబెట్టినవాడికి శిక్ష అదే కదా ప్రభూ."

"అది నా ముఖమా?"

"నేనన్నానా? తమ చాటింపే అంటోంది. ఈ రాజ్యంలో ఏ చేతిపనికైనా మూలం తమ ముఖమేనట. చేసేవాడికి తెలియకుండానే వస్తుందట. ఈ ముసలాయన పెళ్ళామనుకున్నాడు, పాపం, తెలియనివాడు. శాస్త్రిగారి మాట తప్పదు కనక ఈ ముక్కు తమదే. ఈ పన్నూ తమదే."

బాచన బొమ్మ వైపు చూడటం లేదు. రాజు ముఖంలో ఏ కండరం ఎటు కదులుతుందో, అదే చూస్తున్నాడు.

"కాదు, నాది కాదంటారా, చాటింపు తప్పు. అప్పుడు ఈయన చెప్పిందే ఒప్పు, ఉలులు ఇచ్చేయాలి. అవునంటారా, ఇది మహారాజుగారి ముఖం. కాల్చమంటే ఈ భటుడు కాలుస్తాడు, వీడికి భయం లేదు. తమకు అభ్యంతరం లేకపోతే చాలు."

రాజు శాస్త్రి వైపు చూశాడు. శాస్త్రి తన ఉత్తరీయం అంచులో దారపు పోగులు సరిచేసుకుంటున్నాడు.

ముందు రాజు మీసం వణికింది. తరవాత భుజాలు కదిలాయి. చివరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా అదే చాలన్నట్టు నవ్వింది. గుమ్మం దగ్గర నేత ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

"గెలిచావు బాచనా. ఎవరి ఉలులూ తీసుకోవద్దు. చాటింపు రద్దు చేయండి" అని మెడలో హారం తీసి బాచన మెడలో వేశాడు.

మామూలు కథ అయితే ఇక్కడే అయిపోవాలి. మా నాయనమ్మ ఇక్కడ ఆగి, తమలపాకు నమిలి, మళ్ళీ మొదలుపెట్టేది.

రాజు బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "నువ్వన్నావు కనక ఇది నా ముఖమే. రాజు ముఖం సంచిలో పెట్టుకుని ఊళ్ళు తిరగడం మర్యాద కాదు. చందనపు పెట్టెలో పెట్టి కోశాగారంలో ఉంచండి. ప్రతి దసరాకీ ఆయుధాలతో పాటు బయటికి తీసి పూజ చేయండి. ముసలాయనకు శాలువా కప్పండి."

"ప్రభూ, బొమ్మ ఆయనకే ఇప్పిస్తే..." అన్నాడు బాచన.

"ఏం, నా ముఖాన్ని కర్రకు కట్టి వీధిలో ఆడిస్తాడా? నీ మాటే కదయ్యా నేనంటున్నది" అని రాజు మళ్ళీ నవ్వి, ఒక ఉంగరం కూడా తీసి ఇచ్చాడు.

బాచన నోరు తెరిచాడు. తను కట్టిన ముడి తనకే బిగిసింది. విప్పే మాట దొరకలేదు.

ఓబులప్ప చేతులు ఇంకా కర్ర పట్టుకున్నట్టే ఉన్నాయి. వాటి మీదుగా శాలువా కప్పి పంపేశారు.

వానలు వెనకపట్టాక బాచన ఓబులప్ప గుడిసెకు వెళ్ళాడు. వాకిట్లో కొత్త తోలు మేకులకు సాగదీసి ఉంది. చేతులు, గాజులు, కుచ్చిళ్ళు, కొప్పు, అన్నీ పొడిచి ఉన్నాయి. ముక్కు వచ్చింది. నోరుండాల్సిన చోట ఖాళీ.

"రండి సామీ, మీకోసమే చూస్తున్నా. మీరు దగ్గరగా చూసినారు గదా. పన్ను పైదా, కిందిదా?"

బాచన తోలు మీదికి వంగి చూశాడు.

"ఊళ్ళలో అడిగినా సామీ. ఒకరు పైది అంటారు, ఒకరు కిందిది అంటారు. ఇన్నేండ్లు నవ్వినారు గాని ఎవరూ చూడలా."

"కోశాగారం దసరాకి గాని తెరవరు ఓబులప్పా. అప్పుడు చూసి..."

"తోలు బిగుసుకుంటాంది. నాకుండే ఇంత గుర్తు గూడా అప్పటికి ఉండదు. మీరు సభలో చెప్పినారు గదా సామీ, ఈ పన్నూ రాజుగారిదే అని. నేనక్కడే ఉన్నా."

నిజమే, చెప్పాడు. ఆ పన్ను పేరు చెప్పి హారం సంపాదించాడు. ఎంత తలచుకున్నా అతనికి రాజు మీసం వణకడం ఒక్కటే గుర్తొస్తోంది. తెలియదని అనడం అతనికి అలవాటు లేదు. ముసలివాడు ఉలి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"పై పన్ను" అన్నాడు బాచన, కొలువులో మాట్లాడే గొంతుతోనే.

"పైదా" అన్నాడు ఓబులప్ప. ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. తోలులో పడిన చిల్లు పూడదు. తీసి వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "అంతే సామీ. ఇదే. ఇప్పుడొచ్చింది" అన్నాడు. కళ్ళు తుడుచుకుని మజ్జిగ ఇచ్చాడు. బాచన తాగలేకపోయాడు.

మళ్ళీ దసరా వచ్చింది. కత్తులు, డాళ్ళు వరసగా పేర్చి, పక్కన చందనపు పెట్టె తెరిచారు. సుంకులక్క పట్టుగుడ్డ మీద పడుకుని ఉంది. కింది పన్ను పై పెదవి మీదికి పొడుచుకొచ్చి ఉంది.

బాచన చూశాడు. జనంలో శాలువా కప్పుకుని నిలబడ్డ ఓబులప్ప కూడా మెడ చాచి చూశాడు. బాచన జనాన్ని తోసుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"ఓబులప్పా, నేను నీకు..."

"చూసినారా సామీ" అన్నాడు ఓబులప్ప నెమ్మదిగా. "మీరు చెప్పకపోయింటే ఈ పొద్దు నేను మోసపోయేటోణ్ణి. ఎవర్నో తెచ్చి పెట్టినారు ఆ పెట్టెలో. మా సుంకులమ్మది పై పన్ను."

భుజాన సంచిలోంచి కొత్త బొమ్మ తల బయటికి కనిపిస్తోంది. దాన్ని సర్దుకుని, ఇంకొకసారి పెట్టె వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. అసలు సుంకులమ్మను గుర్తుపట్టే మనిషి ఇంక లోకంలో లేడు.

పూజ అయ్యాక రాజు సింహాసనం మీద చేరబడి, "బాచనా, పండగ పూట ఏదైనా చెప్పు, నవ్వుకుంటాం" అన్నాడు.

బాచన నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. మాట రాలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

రాజు కాసేపు చూశాడు. ఇదేదో కొత్త రకం అనుకున్నాడు. మీసం వణికింది, భుజాలు కదిలాయి, పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత నవ్వు ఆ సభలో ఎన్నడూ వినలేదట. ఇంకొక హారం తీసి బాచన మెడలో వేశాడు.

ఇందుమతీ, కథ అచ్చుకిచ్చే ముందు పేర్లు ఒకసారి చూసిపెట్టమ్మా. మీ అమ్మకు ఈ కథ వచ్చు, తనని అడుగు. రాజు జయకేతనుడేనా? ఓబులప్పని ఎక్కడైనా ఓబన్న అని రాశానేమో చూడు. ఏది మార్చినా పన్ను మాత్రం మార్చకు. అది కింది పన్నే.