ఏనుగు పక్కన దాసు

మార్కండేయులు మాస్టారిని ప్రశ్న అడిగినవాడు ఏ రోజూ జవాబుతో ఇంటికి వెళ్ళలేదు. ఆయన అడిగినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, తెర మీద ఏదో ఒకటి చూపించేవారు. తర్వాత తన మానాన తాను టీ తాగేవారు. కాకినాడలో ఒక జిరాక్స్ షాపు మీది గదిలో, జట్లుగా ఆడే తుపాకీ ఆటల్లో కుర్రాళ్ళకు తర్ఫీదు ఇవ్వడం ఆయన పని. కంప్యూటర్‌లో కాల్చుకోవడానికి గురువెందుకని నవ్వేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఆయన వాళ్ళకూ జవాబు చెప్పలేదు.

ఆయన శిష్యుల్లో తారకేష్ ఒకడు. ఆటలో దొరికే తుపాకులన్నిట్లోకీ బరువైనది వాడి చేతిలో ఉండేది. జట్టు దానికి ఏనుగని పేరు పెట్టింది. అది ఎత్తుకున్నవాడు పరిగెత్తలేడు. ఒకసారి పేల్చాక మళ్ళీ గుండు నింపుకునేలోపు తీరిగ్గా ఆవులించొచ్చు. కానీ తగిలిందా, అవతలివాడు లేచే ప్రశ్నే లేదు. మిగతా కుర్రాళ్ళు వారానికో తుపాకీ మారుస్తూ ఉంటే, తారకేష్ దీన్నొక్కదాన్నే పట్టుకుని వేళ్ళు వాచేలా సాధన చేశాడు. వేసవిలో జిల్లా పోటీ గెలిచింది దానితోనే అని వాడి నమ్మకం. జట్టులో అందరి నమ్మకమూ అదే.

ఆ తర్వాత ఏమైందో గానీ, ఏనుగు మొరాయించింది. వరసగా ఓటములు. మొదటి గుండు పేలడం, రెండోది నింపుకునేలోపే తారకేష్ పడిపోవడం. ఆదివారం ఆటలో కూడా ఇంతే అయితే జట్టులో చోటుండదని తోటివాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు. అది వాళ్ళ ఆనవాయితీ. ప్రతి పోటీ అయ్యాక పట్టికలో అట్టడుగున ఉన్నవాడి పేరు చదివి, తీసేద్దామా అని చేతులెత్తేవారు. మాస్టారు అందులో తలదూర్చేవారు కాదు. "జట్టు మీది, చేతులు మీవి" అనేవారు.

"మాస్టారూ, ఈసారి మాత్రం తెర చూపించకండి," అన్నాడు తారకేష్. "ఇంత నెమ్మదైన తుపాకీ జట్టు ఆటకి పనికొస్తుందా, రాదా? ఒక్క ముక్కలో చెప్పండి. వదిలెయ్యమంటే వదిలేస్తాను."

మాస్టారు కుర్చీ చూపించారు.

తెర మీద వచ్చింది వేసవిలో గెలిచిన ఆటే. అందులో తాను పేల్చిన ప్రతి గుండూ తారకేష్‌కు కంఠతా వచ్చు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపించాడు. అయితే ఆడినవాళ్ళలో ఎవరి కంటితోనైనా ఆటను మళ్ళీ చూసే వీలుంటుంది. మాస్టారు పెట్టింది ప్రభుదాస్ కంటితో చూసిన ఆట. దాసు ఆ పోటీలో తారకేష్ పక్కన ఆడినవాడు. అందరికంటే ఎక్కువసార్లు చచ్చి, అందరికంటే తక్కువమందిని చంపి, పట్టికలో అట్టడుగున నిలిచాడు. గెలిచిన సాయంత్రమే అతన్ని తీసేద్దామని చేతులు లేచాయి. తారకేష్ చెయ్యి అందరికంటే ముందు లేవలేదు గానీ, లేచింది.

దాసు తెరలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఒక గోడ, ఒక మలుపు. ఏనుగు పేలిన చప్పుడు వినగానే దాసు ఆ మలుపు దాటి బయటికి ఉరికేవాడు. ఎవరూ లేనిచోట కాల్చి, గోల చేసి, అవతలి జట్టు గుళ్ళన్నీ తన మీదికి రప్పించుకునేవాడు. పడిపోయేవాడు. ఈలోగా ఏనుగు మళ్ళీ పేలేది, అవతలివాడు కూలేవాడు. ప్రతిసారీ అంతే. ఆ రోజు గోలలో ఎవరూ పట్టించుకోని దాసు గొణుగుడు ఇప్పుడు హెడ్‌ఫోన్లలో వినిపించింది. "నువ్వు నింపుకోరా, నేనున్నా." ఆ వెంటనే తారకేష్ తన గొంతు తనే విన్నాడు. "మళ్ళీ చచ్చావా దాసూ! ఎందుకురా నీకీ ఆట!" మిగతావాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. తారకేష్‌కు హెడ్‌ఫోన్లు తీసి అవతల పారెయ్యాలనిపించింది గానీ, చివరిదాకా విన్నాడు.

మెట్ల మీద నిలబడి దాసుకు ఫోన్ చేశాడు.

"నా కోసమే చస్తున్నానని అప్పుడే చెప్పొచ్చు కదరా?"

"చెబితే నువ్వు గురి మానేసి నాకేసి చూసేవాడివి," అన్నాడు దాసు. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది తారకేష్‌కు.

"వచ్చెయ్యరా. అందరితో నేను మాట్లాడతాను."

"సామర్లకోట వాళ్ళకి మాటిచ్చేశాన్రా. ఆదివారం మీ మీద ఆడేది మేమే."

ఇక తారకేష్ ఉన్నవాళ్ళనే బతిమాలాడు. గుండు నింపుకునేంతసేపు ఎవరో ఒకరు అడ్డం ఉండండిరా అన్నాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నీకు కాపలా కాస్తే ఈసారి అట్టడుగున నా పేరుంటుంది. అప్పుడు నువ్వు చెయ్యెత్తకుండా ఉంటావా?" అన్నాడొకడు.

ఆదివారం ఏనుగు మొదటి గుండుకే ఒకణ్ణి పడగొట్టింది. ఆ చప్పుడు ఇంకా ఆగకముందే మలుపు తిరిగి ఇంకొకడు వచ్చాడు. తడబాటు లేదు, నక్కడం లేదు. తుపాకీ ఖాళీగా ఉందని తెలిసినవాడి నడక. దాసే. తారకేష్ పడిపోయాడు. తర్వాతి విడతలోనూ అంతే, ఆ తర్వాతా అంతే. ఏనుగు ఎంతసేపు ఏమీ చేయలేదో దాసుకు తెలిసినంతగా, దాన్ని మోసిన తారకేష్‌కే తెలియదు. ఆ కాసేపట్లోనే కదా దాసు అన్నిసార్లు చచ్చింది! ఆట అయ్యాక దాసు లేచి వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. గెలిచినవాడి మొహంలా లేదు అది. ఏదో అనబోయాడు గానీ, ఈలోగా అతని జట్టువాళ్ళు పేరు పెట్టి కేకలేస్తూ వచ్చి లాక్కుపోయారు.

అందరూ వెళ్ళాక తారకేష్ మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తెలిసింది మాస్టారూ. అది పనికిరాదు. ఏనుగుని వదిలేస్తున్నాను."

మాస్టారు హెడ్‌ఫోన్ల తీగ చుట్టుకుంటూ తలెత్తారు.

"వదిలెయ్యి నాయనా. దాసుని వదిలినప్పుడూ ఇంత తేలిగ్గానే ఉందా?"