పైకొమ్మ మీద ఎవరి మాట?

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి దగ్గర నుంచి పిల్లి దాకా అందరికీ ఫోన్లు ఉండేవి. ఎవరిచ్చారు, ఎక్కడ కొన్నారు అని నన్ను అడక్కండి. కథలో ఏనుగు మాట్లాడితే నమ్ముతారు కదా, ఫోను పట్టుకుంటే ఎందుకు నమ్మరు?

ఆ ఫోన్లలో అడవి మొత్తానికీ కలిపి ఒకటే గ్రూపు. దాన్ని తయారుచేసింది గిజిగాడు. గూడు అల్లినంత నేర్పుగా అల్లాడు. కానీ తెల్లారితే చాలు, అందులో శుభోదయాలే. ఒకరు ఒక పువ్వు పెడితే ఇంకొకరు రెండు పువ్వులు పెట్టేవారు. తర్వాత కోతి జోకులు, కాకి పితూరీలు. ఆ రొదలో అవసరమైన మాట ఒక్కటి వెతకాలంటే తల ప్రాణం తోకకు వచ్చేది.

ఏటి గట్టు కింద ఒక బొరియలో ములుకమ్మ అనే ఏదుపంది ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, చిన్నవాడు ఇంకా ముళ్లు గట్టిపడని పసివాడు. ఒక వానాకాలం ఏరు పొంగింది. ఎగువన ఉండే నీటికుక్క ఏటయ్య ముందుగానే గ్రూపులో పెట్టాడు: "నీళ్లు వస్తున్నాయి! గట్టు కింద వాళ్లు పైకెక్కండి!" ఆ మాట పువ్వుల కింద పడి ఎవరికీ కనిపించలేదు. నీళ్లు గుమ్మం దాకా వచ్చాకే ములుకమ్మకు తెలిసింది. పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని నోట కరుచుకుని ఎలాగో బయటపడింది. దాచుకున్న దుంపలన్నీ ఏటి పాలయ్యాయి.

ములుకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. తడి ఒంటితోనే గిజిగాడి చెట్టు కిందికి వెళ్లి అరిచింది.

"ఒరే గిజిగా! దిగు కిందికి!"

"ఏమైంది పిన్నీ?" అన్నాడు గిజిగాడు, గూట్లోంచి తల బయటపెట్టి.

"ఏమైందా? నీ గ్రూపులో పువ్వులు పూస్తున్నాయి, నా ఇల్లు మునిగింది. ఏటయ్య చెప్పిన మాట ఎక్కడుందో చూపించు!"

గిజిగాడు వెతికాడు. వెతికి, వెతికి, సిగ్గుపడ్డాడు. "తప్పే పిన్నీ. సరిచేస్తాను" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. గ్రూపులో అన్నిటికన్నా పైన ఒక చోటు కేటాయించాడు. దానికి పైకొమ్మ అని పేరు పెట్టాడు. ఫోను తెరవగానే ముందు అదే కనిపిస్తుంది. కింద ఎన్ని పువ్వులు పూసినా అక్కడున్న మాట కదలదు. మూడు మాటలకే చోటు. అక్కడ ఏది పెట్టాలన్నా, ఏది తీయాలన్నా గిజిగాడి ముక్కుతోనే జరగాలి.

"ఇక్కడ ఆపద మాటలు తప్ప ఇంకేవీ ఉండవు" అని అందరి ముందూ చెప్పాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. వేటగాళ్లు వల పన్నారని అడవిపంది చెప్పిన మాట పైకొమ్మ ఎక్కింది. అందరూ చూశారు, అందరూ బతికారు. ఆ రోజు ములుకమ్మ గిజిగాణ్ణి నోరారా దీవించింది.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి.

ముందు నెమలి వచ్చింది. "గిజిగా, నా నాట్యం ఎవరూ చూడటం లేదు. ఒక్క పూట పైకొమ్మ మీద పెట్టు" అంది. గిజిగాడు మొహమాటపడి పెట్టాడు.

తర్వాత ఎలుగుబంటి వచ్చాడు. "నెమలికి పెట్టి నాకు పెట్టవా? కొత్త తేనె వచ్చిందని నలుగురికీ తెలియాలి" అన్నాడు. గిజిగాడు అదీ పెట్టాడు.

ఆ తర్వాత అడవి పెద్ద దుమ్ములగొండి దొర స్వయంగా వేంచేశాడు. "రేపు నా పుట్టినరోజు. నా ఫొటో పైకొమ్మ మీద ఉండాలి. పళ్లన్నీ కనిపించేది పెట్టు" అన్నాడు. గిజిగాడు చేతులు కట్టుకుని మరీ పెట్టాడు.

ములుకమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ముళ్లు గలగలమన్నాయి.

"ఏమిట్రా ఇది? ఆ పళ్లు చూసి నా పిల్లలు జడుసుకుంటున్నారు. ఆపద కొమ్మ అన్నావు. పుట్టినరోజు ఆపదా?"

"పెద్దవాళ్లు పిన్నీ, కాదంటే బాగుంటుందా?" అని గిజిగాడు నసిగాడు. "అయినా ఆపద వస్తే ఆ క్షణమే ఇవి తీసేస్తాను. నా మీద ఒట్టు."

ములుకమ్మ ఆ ఒట్టు నమ్మింది.

మర్నాడు ఆమె పిల్లల్ని బొరియలో పడుకోబెట్టి, దుంపల కోసం గుట్ట మీదికి వెళ్లింది. ఎగువ కొండల మీద మబ్బు నల్లగా కనిపించింది. వెంటనే ఫోను తెరిచింది. పైన నెమలి, తేనె, దొరగారి పళ్లు. మూడూ అలాగే ఉన్నాయి. ఆపద ఉంటే గిజిగాడు వీటిని తీసేసేవాడు కదా అనుకుని తవ్వుకోసాగింది. ఇదివరకైతే మబ్బు చూడగానే ఇంటికి పరిగెత్తేది.

ఏటి హోరు చెవిన పడ్డాక పరిగెత్తింది. బొరియ నిండా నీళ్లు. గట్టున వేలాడే వేరును కరుచుకుని పెద్దపిల్ల వణుకుతోంది.

"తమ్ముడేడే?" అని అరిచింది ములుకమ్మ.

పిల్ల నీళ్లవైపు చూసింది.

చిన్నవాడు దొరకలేదు. సాయంత్రం దాకా వెతికారు, దొరకలేదు.

మర్నాడు ఏరు తగ్గింది. జంతువులన్నీ గట్టు మీద చేరాయి. ఏటయ్య ఏడుస్తూ, "ముందే పెట్టానమ్మా. నిన్న పొద్దున్నే పెట్టాను" అన్నాడు.

ములుకమ్మ గిజిగాడి వైపు తిరిగింది. "చూశావా ఆ మాట?"

గిజిగాడు తల దించుకున్నాడు. "చూశాను పిన్నీ. అప్పుడు దొరగారి విందులో ఉన్నాను. ఆయన ఎదురుగా ఆయన ఫొటో ఎలా తీయను? పోనీ నెమలిదో, ఎలుగుబంటిదో తీద్దామంటే వాళ్లు అలుగుతారు. విందు అయ్యాక తీద్దాంలే అనుకున్నాను."

"అలుగుతారనా!" అంది ములుకమ్మ. "వాళ్ల అలక కనబడింది నీకు. నా పిల్లలు కనబడలేదు."

అంతలో దుమ్ములగొండి దొర వచ్చాడు. విందునాటి దండ ఇంకా మెళ్లోనే ఉంది. గొంతు సవరించుకుని అన్నాడు:

"చాలా బాధాకరం. గిజిగా, నా సంతాపం రాశాను. పైకొమ్మ మీద పెట్టు. పక్కన నా ఫొటో ఉండాలి సుమా."

గిజిగాడు ములుకమ్మ మొహం చూశాడు. తర్వాత దొర మొహం చూశాడు.

"పెట్టను" అన్నాడు.

"ఏమన్నావ్?"

"పెట్టను దొరా. అది ఆపద కొమ్మ."

దొర గుర్రుమన్నాడు. చుట్టూ చూశాడు. ఎవరూ ఆయన వైపు మాట్లాడలేదు. గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అంతే. గిజిగాడి ఈక ఒక్కటి కూడా రాలలేదు.

ములుకమ్మ పెద్దపిల్లను దగ్గరికి తీసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ గిజిగాడి ముందు ఆగింది.

"ఇంత చిన్న మాటరా అది. మొన్నే అని ఉంటే నా చిన్నోడు బతికేవాడు."

నీతి: కాదనవలసిన చోట కాదనలేని వాడు కాపలా ఉంటే, ఎంత మంచి తలుపు పెట్టినా లేనట్టే.