అరగని వీధి

పరదేశయ్యస్వామిని ఎవరైనా సందేహం అడిగితే ఆయన వెంటనే అవుననీ కాదనీ చెప్పేవారు కారు. ముందు రెండు ముద్దలు తినమనేవారు. తిన్నాక కూడా శాస్త్రం జోలికి పోకుండా, ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి, భుజమ్మీది తుండు దులుపుకుని లేచిపోయేవారు. అందుకేనేమో ఆయన శిష్యుల్లో పండితులకంటే సేద్యగాళ్ళే ఎక్కువ.

కదిరప్ప అలాంటి సేద్యగాడే. ఒక ఏడు తొలకరికి ముందు అతను ముఖం మాడ్చుకుని వచ్చి మఠం అరుగుమీద కూలబడ్డాడు. పేటలో మండీ పెట్టి బాగుపడ్డ బావమరిది ఇంట్లో శుభకార్యానికి పోతే, పంక్తిలో కూర్చోబోయినవాణ్ణి లేపి, మట్టి పిసుక్కునేవాళ్ళకు పెరట్లో ఆకులు వేశామన్నారట. అన్నం ముట్టకుండా వచ్చేశాడు. దారంతా ఆలోచించి, పొలం ఎవరికైనా కౌలుకిచ్చి తనూ పేట చేరిపోదామని నిశ్చయించుకున్నాడు.

"స్వామీ, పేట ఉంది గనకనే పల్లె బతుకుతోందంటున్నారు. బేరసారాలు అక్కడే, చేతిపనులు అక్కడే, మర్యాదా అక్కడే. ఇంక నేను ఈ మట్టిలో ఎందుకుండాలి?" అని అడిగాడు.

స్వామి అతనికి సంగటి పెట్టించి, చేయి కడుక్కున్నాక, వంకపల్లె బాలంకమ్మ సంగతి చెప్పారు.

సింగనపేట చుట్టుపక్కల పల్లెలన్నిటికీ సంత ఊరు. ప్రతి గురువారం పొద్దెక్కేసరికి పల్లెల బళ్ళు గవిని దాటి, అంటే ఊరి కోటవాకిలి దాటి, బజారువీధి నిండా బారులు తీరేవి. ఆ బజారుకు పెద్ద రామలింగశెట్టి. ఊళ్ళో బట్టల అంగడీ, ఉప్పు కొట్టూ ఆయనవే. చెడ్డవాడేం కాదు. తన ఊరు అద్దంలా ఉండాలని ముచ్చటపడి, బజారు పొడుగునా నున్నటి నాపబండలు పరిపించాడు. మొదటి సంతకే ఆ అద్దం మీద బురద చాళ్ళు పడ్డాయి. ఆయన మనసు చివుక్కుమంది. పెద్దలను కూడగట్టి కట్టడి చేయించాడు. ఇకమీదట బండి లోపలికి రావాలంటే గవిని దగ్గర చక్రాలు కడగాలి. బండి తోలుకొచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవాలి.

ఆ పై గురువారం ముందుగా గవిని చేరింది బాలంకమ్మ బండి. మొగుడు పోయాక మరిది ఓబులేసును తోడుపెట్టుకుని తనే సేద్యం చేయిస్తున్న మనిషి ఆమె. బండినిండా ఎండుమిరపకాయలు. తలారి నీళ్ళ కాగు చూపించి, శెట్టిగారి కట్టడి వినిపించాడు.

కాళ్ళు కడుక్కోవడం బాలంకమ్మకు కొత్త కాదు. ఎవరి గడపకు పోయినా కడుక్కునే లోపలికి పోయేది. కానీ అక్కడ ఇంటివాళ్ళు చెంబు చేతికిచ్చి, రమ్మని పిలుస్తారు. ఇక్కడ పిలిచేవాడు లేడు, ఆపేవాడున్నాడు. ఆమెకు ఆ తేడా కాళ్ళనుంచి తలదాకా పాకింది.

"ఇన్నాళ్ళూ ఈ కాళ్ళతోనే మీ ఊరికి వచ్చాం. ఇప్పుడు కడుక్కుంటేనే రానిస్తామంటే, రాము" అంది. తలారి ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె అప్పటికే ఎద్దుల ముకుతాళ్ళు పట్టుకుని బండి తిప్పుతోంది.

వెనక బండివాడు దారి ఇవ్వడానికి తన బండి పక్కకు తీశాడు. తీసినవాడు మళ్ళీ గవిని వైపు తిప్పలేకపోయాడు. సిగ్గేసింది. అతని వెనకవాడూ అంతే. ఎవరూ కూడబలుక్కోలేదు గానీ, ఎండ ముదిరేసరికి బళ్ళన్నీ ఊరి కిందున్న ఏటి ఇసుకలో దిగాయి. పల్లెకూ పల్లెకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఆ ఇసుకలోనే జరిగాయి.

పేటలో నవ్వుకున్నారు. గాదెలు నిండుగా ఉన్నాయి, ఏడాదిపాటు గింజకు లోటు లేదు. పల్లెవాళ్ళకు ఉప్పెక్కడిది? నాలుగు రోజులు చప్పిడి గంజి తాగితే వాళ్ళే చక్రాలు కడుక్కుని వస్తారని శెట్టి ధీమాగా ఉన్నాడు.

ఆయన లెక్క తప్పేమీ కాదు. వంకపల్లెలో ఉప్పు కుండలు అడుగంటాయి. పిల్లలు చప్పిడి సంగటి ఉమ్మేస్తున్నారు. ఆడవాళ్ళు బావి దగ్గర బాలంకమ్మకు వినబడేలాగే విసుక్కుంటున్నారు. మబ్బులు పడుతున్నాయి, మిరపకాయలు మెత్తబడితే ఏడాది కష్టం బూజు పడుతుంది. ఇంట్లో ఓబులేసు ఇక ఆగలేకపోయాడు.

"రెండు చెంబుల నీళ్ళు, వదినా. దాంతో మనదేం పోతుంది?"

"ఈరోజు కాళ్ళు కడుక్కోమన్నారు. కడిగితే, రేపు నోరు కడుక్కుని మాట్లాడమంటారు. పోతానంటే నువ్వు పో. నా బండి మాత్రం తోలుకుపోకు."

ఓబులేసు పోలేదు. కానీ ఆ తరవాత కొన్నాళ్ళు వదినతో మాట్లాడలేదు. బాలంకమ్మ ఎవరిముందూ ముఖం చిట్లించకుండా చప్పిడి సంగటి తిన్నది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం, నా పంతానికి ఇంతమంది పిల్లల నోళ్ళు చప్పబడ్డాయే అని గుబులుపడేది. అయినా మరుసటి గురువారం బండి కట్టి ఏటికే తోలింది.

ఈలోగా పేటలో ఎవరూ ఊహించనిది జరిగింది. గింజకు లోటు రాలేదు, పనికి లోటు వచ్చింది. తొలకరికి ముందు నాగటి కర్రులు సాగదీయించుకునేవాళ్ళతో కిటకిటలాడే కాళాచారి కొలిమి చల్లబడింది. పగ్గాలు పేనేవాడి చేతికి నార లేదు, పేనినవి కొనేవాడు లేడు. నూనెగింజలు రాక గానుగ ఆగింది. సంతకొచ్చే ఆడవాళ్ళు లేక గాజులమ్మే ఆమె మలారం మూట విప్పలేదు. కాళాచారికి పని లేదు గనక అతని భార్య నూనె కొనలేదు. గానుగవాడు పెళ్ళాం చీర సంగతి వాయిదా వేశాడు. ఆ వాయిదాలన్నీ తిరిగి తిరిగి రామలింగశెట్టి అంగడికి చేరాయి. మడత విప్పని బట్టల మధ్య ఆయన పొద్దంతా వీధి చూస్తూ కూర్చునేవాడు. బండలు మాత్రం అద్దంలా ఉన్నాయి.

ముందుగా కదిలింది కాళాచారి. కొలిమి తిత్తీ, ఇనుము కొట్టే దాగలీ నెత్తిన పెట్టించుకుని, పట్టపగలు శెట్టి అంగడి ముందునుంచే నడిచి ఏటికి పోయాడు. పేట పెద్దలు కులంలోంచి వెలివేస్తామన్నారు. కొలిమి ఆరినవాడికి వెలి ఏముందని పోయాడు. అతని వెంట భార్య వచ్చింది, కొంగున తన ఇంట్లోని ఉప్పు కాస్త కట్టుకుని. ఉప్పు చేతికి ఇస్తే పోట్లాట వస్తుందంటారు గనక, బాలంకమ్మ ముందు ఆకు పరిచి అందులో పోయబోయింది. బాలంకమ్మ దోసిలి పట్టింది.

"చేతికే ఇవ్వమ్మా. ఇంతకంటే పెద్ద పోట్లాట ఏమొస్తుంది" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం ఓబులేసు చూశాడు. చూసి, ఎద్దులకు నీళ్ళు పెట్టే మిషతో అవతలికి పోయాడు.

ఆ మరుసటి వారానికి గాజులామె వచ్చింది. పగ్గాలవాడు వచ్చాడు. ఏటి ఇసుకలో కొలిమి మంటలు, గాజుల గలగలలు. బజారువీధిలో కుక్క పడుకుంటే లేపే దిక్కు లేదు.

చివరికి రామలింగశెట్టి ఒక్కడే ఏటికి నడిచి వచ్చాడు. ఆయన బాలంకమ్మ బండి ముందు నిలబడి, కట్టడి ఎత్తేశాం, ఇక ఎవరూ కడుక్కోనక్కరలేదు, రమ్మని చెప్పాడు. బాలంకమ్మ కూర్చున్నచోటునుంచి లేవలేదు.

"ఇప్పుడు ఎత్తేస్తారు, పంటలు చేతికొచ్చాక మళ్ళీ పెడతారు. మా బళ్ళు నడిస్తే మీ బండలు అరుగుతాయి, శెట్టిగారూ. చాళ్ళు పడతాయి, పగులుతాయి కూడా. దానికి ఒప్పుకుంటే చెప్పండి, వస్తాం. అరగని వీధి సంతవీధి కాదు."

శెట్టి కొలిమి వైపు చూశాడు. కాళాచారి తల ఎత్తకుండా కర్రు కొడుతున్నాడు. ఆ చప్పుడు ఆగేదాకా నిలబడి, "అరగనివ్వండి" అన్నాడు. ఇష్టపడి అన్నమాట కాదది. బాలంకమ్మ ఇష్టం అడగలేదు, మాట అడిగింది.

పై గురువారానికి ముందు పెద్ద వాన కురిసింది. బాలంకమ్మ ఇరుసుదాకా బురద పట్టిన బండితో గవిని దాటింది. ఎద్దుల్ని అదిలించలేదు, నెమ్మదిగా, వీధి మధ్యనుంచి నడిపించింది. వెనక పల్లెల బళ్ళన్నీ నడిచాయి. తరవాతి కాలంలో ఆ బండల మీద వేలు దూరేంత లోతుగా చాళ్ళు పడ్డాయి. ఎవరూ మార్పించలేదు.

స్వామి ఇక్కడితో ఆపారు. కదిరప్ప "అయితే మొత్తానికి పేటవాళ్ళు ఆమెను లోపలికి రానిచ్చారన్నమాట" అన్నాడు.

పరదేశయ్యస్వామి తుండు దులిపి భుజాన వేసుకున్నారు.

"వాళ్ళూ అలాగే చెప్పుకుంటారు నాయనా. ఎవరు ఎవర్ని రానిచ్చారో తీరిగ్గా ఆలోచించు. అంత తీరిక అంగట్లో దొరకదు, దుక్కిలోనే దొరుకుతుంది."