నల్లరేగడి అమ్మ

అనగనగా ఒక రాజు. పేరు చండవర్మ. యుద్ధాలన్నీ గెలిచేశాడు, పన్నులన్నీ వేసేశాడు, ఇక చేయడానికి పనేమీ మిగల్లేదు. పని లేని రాజు ఊరుకుంటాడా? దేవతలను దిద్దాలని బయలుదేరాడు.

ఆ రాజ్యంలో ఊరికొక అమ్మవారు, అమ్మవారికొక రంగు. ఏటా జాతర ముందు చిలకమ్మ అనే చిత్రకారిణి ఊరూరా తిరిగేది. ఏ ఊరి మట్టిని ఆ ఊళ్లోనే తవ్వి, నూరి, జిగురు కలిపి, అమ్మవారి కొయ్య విగ్రహానికి కొత్త రంగు వేసేది. కడలి ఒడ్డున ఇసుక వన్నె అమ్మ, కొండమీద ఎర్రమట్టి అమ్మ, పత్తి చేల ఊళ్లో నల్లరేగడి అమ్మ.

రాజు చిలకమ్మను కోటకు పిలిపించాడు.

"రాజ్యం ఒకటే కదా, అమ్మవారికి ఇన్ని రంగులేమిటి? ఇకమీదట అందరికీ మా కోట అమ్మవారిలా గులాబిరంగే వెయ్యి. ఇదిగో రంగు కుండ. మాట తప్పావో, మళ్ళీ జన్మలో కుంచె పట్టనివ్వను!"

కుంచె తప్ప చిలకమ్మకు మరో బతుకు తెలియదు. కుండ నెత్తిన పెట్టుకుని, వెంట భటులు రాగా బయలుదేరింది.

మొదట కడలి ఒడ్డుకు వెళ్ళి రాజు చెప్పినట్టే వేసింది. వేట నుంచి వచ్చిన బెస్తవాళ్ళు అమ్మవారి ముందు బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు.

"ఏటే సిలకా, ఎవరే ఈ దొరసాని? గాలీవానా వస్తే ఈవిణ్ణి ఏటని పిలవమంటావ్?" అన్నాడు ఒక ముసలాయన.

చిలకమ్మ గబగబా కుండ ఎత్తుకుంది.

తరువాత కొండ ఊరు. అక్కడా గులాబిరంగే. కొండవాళ్ళు తొలి తేనె తెచ్చారు, అమ్మవారి ముఖం చూశారు, ముంత కింద పెట్టకుండానే వెనక్కి మళ్ళారు. తిట్టినా బాగుండేదని చిలకమ్మకు అనిపించింది.

మూడోది పత్తి చేల ఊరు. అది రాజు తల్లి పుట్టిన ఊరు. ఆ ఏడు జాతరకు ఆమె కొడుకును వెంటబెట్టుకుని వస్తోంది.

చిలకమ్మ కుండ మూత తీసి కుంచె ముంచింది. మళ్ళీ బయటికి లాగేసింది.

"రెండూళ్ళ వాళ్ళకు వాళ్ళ తల్లిని నా చేత్తోనే దూరం చేశాను. ఇక నా వల్ల కాదు," అంటూ కుంచె శుభ్రంగా కడిగేసింది. చేలోకి వెళ్ళి దోసెడు రేగడి తెచ్చి, నూరి, అమ్మవారికి వేసింది. నిగనిగలాడే నలుపు! ఊరివాళ్ళు ఆనందంతో డప్పులందుకున్నారు. భటులు మాత్రం చిలకమ్మ చేతులు కట్టేశారు.

రాజు వచ్చాడు, చూశాడు, మండిపడ్డాడు.

"నా ఆజ్ఞ ఏమైంది?"

"ప్రభూ, వీళ్ళ తిండి ఈ మట్టిలోంచే వచ్చింది. వీళ్ళ తల్లీ ఇందులోంచే రావాలి. కుంచె తీసుకోండి, నేను వేయాల్సింది వేసేశాను," అంది చిలకమ్మ.

రాజు నోరు తెరిచేలోగా పల్లకీ తెర తొలగింది. రాజమాత దిగి, ముసలితనం మరిచిపోయి, చిన్నపిల్లలా పరుగెత్తింది.

"అమ్మా! నా చిన్నప్పుడు ఎలా ఉన్నావో అలాగే ఉన్నావే!" అని ఏడుస్తూనే నవ్వింది. తరువాత కొడుకు వైపు తిరిగింది. "ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు."

ఆ చేతికి పూసిన గంధాన్ని కొంగుతో తుడిచి, అమ్మవారి చెంప పక్కన పెట్టింది. రెండూ ఒకటే నలుపు.

"నువ్వు పుట్టగానే, 'మా ఊరి అమ్మ రంగే వచ్చింది' అని మురిసిపోయాను రా. ఇప్పుడా రంగు నీకు పనికిరాదా?"

రోజూ ఒళ్ళంతా గంధం పూసుకుని కొలువు తీరే రాజు, తన చేతిని అంత దగ్గరగా చూసుకుని ఎన్నాళ్ళయిందో! సిగ్గుతో తల దించుకున్నాడు. తానే వంగి చిలకమ్మ కట్లు విప్పాడు.

"పద చిలకమ్మా, కొండ ఊరి మట్టి ఎక్కడుందో చూపించు. తట్ట నేను మోస్తాను."

అన్నట్టే మోశాడు. కిరీటం ఉండాల్సిన చోట ఎర్రమట్టి తట్ట చూసి కొండవాళ్ళు విరగబడి నవ్వారు. రాజూ నవ్వాడు. ఈసారి తేనె ముంత అమ్మవారి పాదాల దగ్గర దిగింది. కడలి ఒడ్డున ఇసుక వన్నె ఆరకముందే, "వచ్చేసినావా తల్లీ!" అని ముసలాయన పెట్టిన కేక అలల హోరును మించిపోయింది. మిగిలిన గులాబిరంగును చిలకమ్మ రాజుగారి బండి చక్రాలకు వేసింది. వాటికి భలే నప్పింది.

పిల్లలూ, పుట్టిన మట్టిని చూసి సిగ్గుపడేవాడు కన్నతల్లినే గుర్తుపట్టలేడు; ఆ మట్టి అందాన్ని ధైర్యంగా చూపించిన చేతికి రాజైనా మొక్కక తప్పదు.