జేజి వేళ్లకు తగిలే ముడి

మౌలాలి అల్లిన ఈతాకు బుట్టలో ఒక్క ఆకు కూడా ఎగుడుదిగుడుగా ఉండేది కాదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు మౌలాలే.

గుట్ట కింది దర్గాలో పీర్ సాహెబ్ దగ్గర చేరి అతనికి ఎనిమిదేళ్లయింది. నీళ్లు మోశాడు, వాకిలి ఊడ్చాడు, బుట్టలల్లాడు. తన వెనక వచ్చినవాళ్లకు గురువు జపం చెప్పి ఊళ్లకు పంపాడు. తనకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఈ ఏడు దర్గాలో ఉరుసు పండగ దగ్గరపడగానే నోరు తెరిచి అడిగేశాడు.

"హజ్రత్, నాకూ ఏదన్నా పెద్ద పని చెప్పండి."

"చెప్తా. పిల్లలతో కూర్చుని బుట్టలు ముస్తాబు చేయించు" అన్నాడు పీర్ సాహెబ్.

మౌలాలి ముఖం చిన్నబోయింది. మంచం దిగలేనివాళ్లు ఉరుసుకు రాలేరు కాబట్టి, ఊళ్లో పిల్లలే బుట్టల్లో మలీదా ముద్దలు, ఖర్జూరాలు పెట్టి వాళ్ల ఇళ్లకు తీసుకెళ్లి ఇస్తారు. అది ఆ దర్గా ఆనవాయితీ. పెద్ద పని అంటే ఇదా అనుకున్నాడు.

పదకొండు మంది పిల్లలు వచ్చారు. ఒకడు రంగు కాగితాలన్నీ ఒక పక్కనే అంటించాడు. ఇంకొకతె పూసలకంటే జిగురే ఎక్కువ పెట్టింది. ఏడేళ్ల మాబున్ని నాలుక బయటపెట్టి, బుట్ట పిడికి ఎర్రదారం చుట్టి రేగ్గింజంతేసి ముడులు వేసింది. చూస్తూ కూర్చోవడం మౌలాలి వల్ల కాలేదు.

పిల్లలు అన్నానికి ఇళ్లకు పోగానే అన్నీ పీకేశాడు. కాగితాలు వరసగా అంటించాడు. మాబున్ని ముడులను కత్తెరతో తెంపి, దారం నున్నగా చుట్టాడు. పదకొండు బుట్టలూ పెళ్లిపందిట్లో పెట్టేలా తయారయ్యాయి. ఇప్పుడు గురువు వస్తే బాగుండుననుకున్నాడు.

పిల్లలే ముందు వచ్చారు. వచ్చి, ఎవరి బుట్ట ఏదో తెలియక నిలబడ్డారు. మాబున్ని ఒక్కొక్క పిడినీ తడుముకుంటూ చివరిదాకా పోయింది.

"నాదేది మామా?"

"అన్నీ బాగున్నాయి కదమ్మా. నచ్చింది తీసుకో."

"నాదే కావల్ల." పిల్లకు ఇంట్లో ఎదురుచూసే నాయనమ్మ గుర్తొచ్చింది. "మా జేజికి కండ్లు కనపడవు. ఏటేటా తడిమి చూసి, ఇది నా మాబున్నిదే అంటాది. ఇప్పుడెట్ల గుర్తుపడతాది?"



గుమ్మంలో నిలబడి అంతా విన్న పీర్ సాహెబ్ లోపలికి వచ్చి మౌలాలి పక్కన కూర్చున్నాడు. కత్తెర తీసుకున్నాడు. రెండో చేత్తో మౌలాలి తలమీది టోపీ తీశాడు.

"ఈ కుట్లు వంకర పోయినాయి. విప్పేసి మంచిగా కుట్టిద్దాం" అంటూ అంచు కుట్టు కింద కత్తెర మొన దూర్చాడు.

"వద్దు హజ్రత్!" మౌలాలి రెండు చేతులతో టోపీ లాక్కున్నాడు. "మా అమ్మ... చూపు తగ్గినాక, పోయే ముందర కుట్టింది..."

కింద పడి ఉన్న ఎర్రదారం ముక్కలు అతని కంటపడ్డాయి.

పీర్ సాహెబ్ కత్తెర కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

మౌలాలి తను చుట్టిన దారమంతా తనే విప్పాడు. "ఎట్ల కట్టినావో చూపించు తల్లీ."

"ఇక్కడ. జేజి పట్టుకుంటే బొటనవేలు ఇక్కడ పడతాది. ముడి పెద్దగుంటేనే తగుల్తాది."

మిగతా పిల్లలూ ఎవరి కాగితాలు వాళ్లు ఏరుకుని, పోట్లాడుకుంటూ మళ్లీ అంటించుకున్నారు. చివర్లో మాబున్ని దారం కొస అతనికిచ్చి, "నువ్వూ ఒకటెయ్యి మామా" అంది. ఎన్ని వేల ముడులు వేసిన చెయ్యో, ఆ ఒక్క ముడి దగ్గర వణికింది.

ఉరుసు రోజు మౌలాలి కూడా పిల్లతో వెళ్లాడు. మంచంలో ఉన్న జేజి బుట్ట పిడిని తడిమింది. బొటనవేలు ముడి మీద ఆగింది.

"ఇది నా మాబున్నిదే!"

ముసలామె వేలు ఇంకొంచెం జరిగి మళ్లీ ఆగింది.

"ఈ ముడి నీది కాదే. ఎవురో పెద్దోళ్లది. చెయ్యి వణికినట్టుంది. ఎవురమ్మీ?"

"నేనే జేజీ" అని మౌలాలి మంచం పక్కన కూర్చున్నాడు.

ఆమె చెయ్యి చాచి అతని భుజం తడిమింది, చెంప తడిమింది, తలమీదికి వచ్చింది. టోపీ అంచున వంకర కుట్ల దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

"ఇది కండ్లు సరిగా కనపడనోళ్లు కుట్టింది. మీ అమ్మ కుట్టిందా నాయనా?" అంది.

మౌలాలి తల వంచి, ఆ వేళ్లకు బాగా అందేలా ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.