మెయిన్ ఆపిన కోడలు

అనగనగా, కోటలు కూలి కరెంటు స్తంభాలు లేచిన కాలంలో, ఏటి ఒడ్డున తోటపాడు అనే ఊరుండేది. ఆ ఊళ్ళో గవరయ్య శెట్టి అనే ఇత్తడి సామాన్ల వర్తకుడు ఉండేవాడు. మనిషి మంచివాడే. ఆకలని వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపేవాడు కాదు. కానీ ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పకూడదు. దుకాణంలో గుమాస్తాలు చెప్పేవారు కాదు. ఇంట్లో కొడుకు భూషణం చెప్పేవాడు కాదు. భార్య మాణిక్యమ్మ అయితే పెళ్ళయిన నాటి నుంచి "అలాగేనండీ" తప్ప మరో మాట ఎరగదు.

ఆ ఇంటికి వకుళ అనే కోడలు వచ్చింది. చీరల పెట్టెతో పాటు మరో చిన్న పెట్టె కూడా వెంట తెచ్చుకుంది. అందులో గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లింగ్ మెషీన్, పనిచేసేటప్పుడు కళ్ళకు పెట్టుకునే అద్దాలు ఉన్నాయి. పుట్టింట్లో అరలు బిగించినా, అద్దం తగిలించినా ఆ పని వకుళదే.

శెట్టి కొత్తగా మేడ కట్టాడు. గృహప్రవేశం దగ్గర పడింది. గోడలకు బిగించవలసినవి బోలెడున్నాయి. కోడలి పెట్టె సంగతి తెలిసి ఆయన సంబరపడ్డాడు.

"మన ఇంట్లోనే మెషీనూ ఉంది, మనిషీ ఉంది. ఇక బయటివాళ్ళెందుకు? ముందు వంటింట్లో బిందెల బల్ల బిగించు, అమ్మాయ్," అన్నాడు.

వకుళ వంటింట్లోకి వెళ్ళి చూసింది. అప్పుడే కడిగిన నేల. మూలల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆమె పెట్టె మూత మూసేసింది.

"నేల తడిగా ఉంది మామయ్యగారూ. ఆరాక వేస్తాను."

"కాసిని నీళ్ళకే భయపడితే ఇల్లెప్పుడు సర్దుతాం? కానివ్వు."

"నీళ్ళలో నిలబడి కరెంటు పని చెయ్యను," అని వకుళ గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నేల ఆరేదాకా లేవలేదు. శెట్టి గొణుక్కుంటూ అటూ ఇటూ తిరిగాడు. నేల ఆరింది. గోడను తొలిచే బిట్టు మార్చినప్పుడల్లా వకుళ ప్లగ్గు తియ్యడం మాణిక్యమ్మ చూసింది. బల్ల బిగిసింది. బిందెలన్నీ పేర్చినా కదల్లేదు. శెట్టి బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు.

మర్నాడు ఆయన పని కొడుక్కి పురమాయించాడు. భూషణం మెళ్ళో కండువాతోనే నిచ్చెనెక్కి, కర్టెన్ల కోసం కిటికీ పైన గోడకు మెషీన్ ఆనించి మీట నొక్కాడు. మెషీన్ కిక్కురుమనలేదు. కిందికి చూశాడు. వకుళ చేతిలో ప్లగ్గు ఉంది.

"నేనే తీశాను. ఆ కండువా తీసేసి, ఈ అద్దాలు పెట్టుకోండి. మళ్ళీ పెడతాను."

గవరయ్య శెట్టి ముఖం ఎర్రబడింది. "చిటికెన వేలు దూరని రంధ్రానికి ఇంత తతంగమా?"

"మా నాన్న కూడా అదే అన్నారు మామయ్యగారూ. దేవుడి పటానికి ఒక్క మేకే కదా అన్నారు. ఇటుక ముక్క ఎగిరి ఎడమ కంట్లో పడింది. ఇప్పుడు ఆయన భోజనానికి కూర్చుంటే విస్తట్లో ఎడమవైపు ఏం వడ్డించారో మా అమ్మ చెప్పాలి. ఆ రోజు వద్దని చెప్పేవాళ్ళు లేకపోయారు. ఇక్కడ నేనున్నాను."

భూషణం కండువా తీసి కిందికి విసిరాడు. అద్దాలు పెట్టుకున్నాడు. శెట్టి మాత్రం విసవిసా లోపలికి వెళ్ళి, "ఈ పిల్లకు నోరెక్కువైంది. నువ్వే చెప్పుకో," అన్నాడు భార్యతో.

"అలాగేనండీ," అంది మాణిక్యమ్మ. కానీ ఏమీ చెప్పలేదు.

గృహప్రవేశం రోజు వచ్చింది. వాకిట్లో షామియానా వేశారు. ఇల్లంతా చుట్టాలు. పూజ అయింది, పెరట్లో వంటలు అవుతున్నాయి. అప్పుడు వచ్చింది, పట్నంలో ఫ్రేము కట్టించిన శెట్టి తండ్రి పటం. నిలువెత్తు పటం. ఆ తండ్రి బిందెల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి, చివరకు ఒక కొట్టు పెట్టి, సొంత ఇల్లు చూసుకోకుండానే కన్ను మూశాడు. పటం చూడగానే శెట్టి కళ్ళు చెమ్మగిల్లాయి.

"గుమ్మంలో అడుగు పెట్టినవాళ్ళకు మా నాన్నే ముందు కనబడాలి. అదిగో, ఎదురు గోడకు, ఆ స్విచ్ బోర్డు పైన. అమ్మాయ్, మెషీన్ తే."

వకుళ ఆ గోడ చూసింది. "అక్కడ కాదు మామయ్యగారూ. బోర్డులోని తీగలు గోడ లోపల నిట్టనిలువుగా పైకి పోతాయి. సరిగ్గా అక్కడే. పక్క గోడకు ఇప్పుడే వేస్తాను."

చుట్టాలంతా శెట్టి వైపు తిరిగారు. ఇంతమంది ముందు గవరయ్య శెట్టికి కాదని చెప్పినవాళ్ళు అంతకు ముందు లేరు.

"నా ఇల్లు, నా గోడ, మా నాన్న పటం," అన్నాడాయన. "నువ్వు వెయ్యకపోతే నేనే వేస్తాను." పెట్టెలోంచి మెషీన్ తీసి ప్లగ్గు పెట్టాడు. స్టూలు లాక్కుని ఎక్కాడు.

వకుళ వాదించలేదు. గబగబా వరండాలోకి వెళ్ళి మీటరు దగ్గర మెయిన్ ఆపేసింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. సన్నాయి రికార్డు సగంలో ఆగింది. పెరట్లో గ్రైండరు ఆగింది. చుట్టాలు విసనకర్రల కోసం వెతుక్కోసాగారు.

శెట్టి వరండాలోకి వచ్చాడు. వకుళ మీటరు పెట్టెకు వీపు ఆనించి నిలబడి ఉంది.

"మెయిన్ వెయ్యి."

"మీరు ఆ చోటు మానుకుంటే వేస్తాను."

"వెయ్యకపోతే ఈ ఇంట్లో నీకు చోటు లేదు."

వకుళ పెట్టెకు ఇంకా గట్టిగా ఆనుకుంది. "లేకపోతే పోనివ్వండి. మిమ్మల్ని నాలుగు రోజులు తిట్టుకుంటూ మా ఊళ్ళో ఉంటాను. తిట్టుకోవడానికి మీరుండాలి కదా. కదలను."

భూషణం వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. తండ్రి ఎదుట అలా నిలబడటం అతనికి అదే మొదలు.

శెట్టి వాళ్ళిద్దర్నీ చూశాడు. కోడలు దారివ్వదని తెలిసిపోయింది. "కరెంటు లేకపోతే పని ఆగుతుందనుకున్నావా?" అంటూ హాల్లోకి తిరిగి వెళ్ళి, సుత్తి, ఇంత పొడుగు మేకు తీసుకుని స్టూలెక్కాడు. కోపమంతా చేతిలోకి వచ్చింది. ఒక దెబ్బ వేశాడు. రెండో దెబ్బకు మేకు సగం దిగింది. మూడో దెబ్బకు సున్నం పెచ్చు పెద్దది ఊడి కింద పడింది.

గోడ లోపలి గొట్టం కనబడింది. మేకు దాన్ని చీల్చుకుని లోపలికి పోయింది. ఎర్ర తీగ తోలు చిట్లి, రాగి మెరుస్తోంది. మేకు మొన ఆ రాగికి ఆని ఉంది. మేకు తల ఇంకా శెట్టి వేళ్ళ మధ్యే ఉంది.

ఆయన ఆ వేళ్ళను చూసుకున్నాడు. మెల్లగా వదిలాడు. స్టూలు దిగి, దాని మీదే కూర్చుండిపోయాడు.

వరండా వైపు తిరిగి కోడల్ని పిలిచాడు.

"అమ్మాయ్, మెయిన్ వెయ్యకు."

ఆ పూట ఇంటిల్లిపాదీ, చుట్టాలూ ఉక్కలోనే భోంచేశారు. గ్రైండరు లేక పచ్చడి రోట్లో రుబ్బారు. వచ్చినవాళ్ళు కారణమడిగితే శెట్టి దాచలేదు. గోడ దగ్గరికి తీసుకెళ్ళి మేకు చూపించి, "నన్ను మా కోడలు బతికించింది," అని చెప్పాడు. చెప్పినప్పుడల్లా తల దించుకునే చెప్పాడు. అది కూడా ఆయనకు కొత్తే.

తీగలు మార్పించాక, వకుళ చూపించిన గోడకు ఆయనే రంధ్రం వేస్తానన్నాడు. అడిగి అద్దాలు పెట్టుకున్నాడు. పై పంచె తీసేశాడు. చొక్కా చేతులు మడిచాడు. మెషీన్‌కు ఉన్న బిట్టు సన్నగా ఉందని, మార్చడానికి దాన్ని పట్టుకుని తిప్పబోయాడు.

"ఆగండి," అని ఒక గొంతు వినబడింది.

శెట్టి కోడలి వైపు చూశాడు. వకుళ కాదు. వంటింటి గుమ్మంలో మాణిక్యమ్మ నిలబడి ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయనతో ఆ మాట అనలేదు.

"ప్లగ్గు తియ్యకుండా బిట్టు మీద చెయ్యి వెయ్యకండి," అందావిడ.

గవరయ్య శెట్టి భార్య వైపు తిరిగాడు. తర్వాత వంగి ప్లగ్గు తీశాడు.

"అలాగేనే," అన్నాడు.

కాబట్టి పిల్లలూ, ప్రాణాన్ని కాపాడే ‘వద్దు’ను ఎంత పెద్దవాళ్ళ ముందైనా జంకకుండా చెప్పాలి, ఎంత చిన్నవాళ్ళు చెప్పినా పెద్దవాళ్ళు వినాలి.