జమ్ములో దాగిన ఇద్దరు

కాకరమడుగు ఒడ్డున జంతువులకొక బడి ఉంది. దానికి హెడ్మాస్టారు నక్క, అటెండరు ముసలి ఎద్దు. మంచుకొండల అవతల, ఒక ఉప్పు సరస్సు ఒడ్డున బాతులకూ ఒక బడి ఉంది. చలికాలం రాగానే ఆ బాతులు కొండలు దాటి మన మడుగుకి వస్తాయి. ఈ ఏడు రెండు బళ్ళూ చెలిమి ఒప్పందం రాసుకోవాలనుకున్నాయి. ఒప్పందం కాగితం రాసింది నక్కే. అందరినీ కలుపుకుపోవడం, పిల్లల మనసులు కులాసాగా ఉంచడం, నీళ్ళని పదికాలాలు కాపాడుకోవడం అంటూ పెద్ద పెద్ద మాటలన్నీ వేశాడు. రాయడానికి ఖర్చేముంది, సిరా తప్ప!

అతిథులు బడికొచ్చే రోజు పొద్దున్నే నక్క తాబేలు పిల్లాడు డిప్పణ్ణి పక్కకి పిలిచాడు. డిప్పడు తెలివిలేనివాడేం కాదు. సోమవారం అడిగిన ప్రశ్నకి బుధవారం జవాబు చెబుతాడు, అంతే. ఆ జవాబు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, కానీ అప్పటిదాకా ఆగేదెవరు?

"ఒరే, ఇవాళ నువ్వు బడికి రావద్దు. ఆ జమ్ముగడ్డిలో దూరి కూర్చో. చప్పుడు చేశావో, హాజరు పట్టీలోంచి నీ పేరు కొట్టేస్తాను" అన్నాడు నక్క.

"నేనూ... వాళ్ళని... చూద్దామని... ఏడాదిగా..."

"చూశావా, ఒక్క మాటకే పావుగంట! పో, పో."

ఎద్దే వాణ్ణి మడుగు చివరనున్న జమ్ముదాకా తీసుకెళ్ళింది. "ఏడవకురా నాయనా" అంది గానీ దానికే కళ్ళు చెమర్చాయి. వెనక బడి చుట్టూ తళతళలాడే ప్లాస్టిక్ తోరణాలు. ఏదో ఫంక్షన్ హాలు వెనక పారేస్తే నక్క ఏరించుకొచ్చాడు.

డిప్పడు జమ్ములోకి మెల్లగా పాకాడు. లోపల ఇంకెవరో ఉన్నారు! తోటకూర కాడలా వంకరపోయిన రెక్కతో ఒక బాతుపిల్ల.

"నువ్వెవరు?" అంది అది గుసగుసగా.

"డిప్పణ్ణి. నువ్వు?"

"నరాన్. మా మేడమ్ నన్నిక్కడ కూర్చోమంది. నేనుంటే వరస చెడిపోతుందట. అందరూ మడుగు అవతలి ఒడ్డున దిగిన రెండు రోజులకి గానీ నేను రాలేదు కదా, పరువు పోతుందని."

"మా మాస్టారూ... అంతే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు. ఇంతలో గాలి విసిరింది. ఒక తోరణం తెగి ఎగిరొచ్చి నరాన్ కాళ్ళకి చుట్టుకుంది. అది గింజుకున్న కొద్దీ తాడు బిగిసింది. నీళ్ళలోకి ఒరిగిపోతోంది.

"అరుద్దామా?" అన్నాడు డిప్పడు.

"వద్దు! అరిస్తే మనం ఉన్నట్టు తెలిసిపోతుంది. మళ్ళీ వరసలోకి రానివ్వరు."

డిప్పడు వీపు దాని కింద పెట్టి నిలబెట్టాడు. మెడ సాచి, తాడు కొరకడం మొదలుపెట్టాడు. పోగు తర్వాత పోగు. భయం పోవాలని నరాన్ కబుర్లు చెబుతూనే ఉంది. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఆఖరి పోగు తెగింది.

అక్కడ బడి దగ్గర చిలక స్వాగతగీతం పాడింది, నెమలి ఆడింది, దండలు మారాయి. ఆ తర్వాత పెద్దబాతు మేడమ్ "మీ మడుగు ఒకసారి చూద్దామా, మాస్టారూ?" అంది.

"తప్పకుండా. ఆ జమ్మువైపు మాత్రం వద్దండి, బురద."

"అబ్బే, అటెందుకండీ! అటసలు వద్దే వద్దు" అంది మేడమ్ మరీ తొందరగా.

అంతలో జమ్ములోంచి పకపకా నవ్వు వినిపించింది.

"గాలి" అన్నాడు నక్క.

"గాలే" అంది మేడమ్.

ఎద్దు మాత్రం నేరుగా వెళ్ళి కొమ్ములతో జమ్ము పక్కకి తప్పించింది. తాబేలు, బాతుపిల్ల, వాళ్ళ మధ్య కొరికిన తాడు ముక్కలు.

"వీడెవడో! మా బడివాడు కాదు" అన్నాడు నక్క.

"ఇదీ మా బడిది కాదు. దారి తప్పొచ్చుంటుంది" అంది మేడమ్.

డిప్పడు తల డిప్పలోకి లాక్కున్నాడు. నరాన్‌కి తల దాచుకోవడానికి డిప్పైనా లేదు. అది చూసి ఎద్దు పిల్లలిద్దర్నీ తన పక్కనే నడిపించుకుంటూ వెనక్కి తీసుకొచ్చింది.

సంతకాల వేళయింది. ఎద్దు కాగితం చదివింది: "ఆఖరి షరతు. అవతలి బడి నుంచి తనేం నేర్చుకున్నాడో ప్రతి బడి నుంచీ ఒక పిల్లవాడు చెప్పాలి. లేకపోతే ఒప్పందం చెల్లదు."

"ఈ షరతెవరు పెట్టారు?" అన్నాడు నక్క కంగారుగా.

"తమరే బాబూ. అందంగా ఉంటుందని."

చిలకని అడిగితే స్వాగతగీతం మళ్ళీ పాడింది. నెమలి "నా ఆట బాగుందన్నారు" అంది. బాతుపిల్లలు దండల్లో బంతిపూలు రుచిగా ఉన్నాయన్నాయి. అంతకుమించి ఎవరికీ ఒక్క ముక్క తెలియదు.

"ఈ ఇద్దర్నీ అడిగితే చెబుతారేమో గానీ, వీళ్ళు ఏ బడి పిల్లలూ కాదని తమరే సెలవిచ్చారు" అంది ఎద్దు, ఎండుగడ్డి నెమరేస్తూ.

"మావాడే! కాదన్నదెవరు?" అన్నాడు నక్క.

"మాదే" అంది మేడమ్, నేల చూస్తూ.

నరాన్ ముందుకొచ్చింది. "ఈ తోరణాలు మెరుస్తాయి గానీ, కాళ్ళకి చుట్టుకుంటే ప్రాణం తీస్తాయి. కొరికి విడిపించేవాడు పక్కనుంటే భయం సగం తగ్గుతుంది. ఇదే నేర్చుకున్నాను."

"నువ్వూ చెప్పరా నాయనా" అన్నాడు నక్క, గొంతులో తేనె పోసుకుని.

డిప్పడు తల బయటికి పెట్టాడు. "ముందు... నా పేరు... పిలవండి మాస్టారూ."

నక్క పట్టీ తెరిచాడు. ఆ పేరు పొద్దున్నే కొట్టేసి ఉంది! ఎందుకైనా మంచిదని ముందే కొట్టేశాడు మరి. అతిథులంతా మెడలు సాచి చూస్తుండగా, చెమటలు కక్కుతూ ఆ పేరు మళ్ళీ రాసి, "డిప్పడు" అని పిలిచాడు.

అందరూ ఎదురుచూశారు. మేఘమొకటి మడుగు దాటి పోయింది. నక్కతో సహా ఎవరూ కదల్లేదు.

"వచ్చానండీ" అన్నాడు డిప్పడు. తర్వాత చెప్పాడు: "ముందు ఎగిరేవాళ్ళు... అలిసిపోతే... చోటు మార్చుకుంటారట. వెనకున్న నరాన్‌ని మాత్రం... ఎవరూ తిరిగి చూడరట. కొండ మీద... రెండు రాత్రులు... ఒక్కతే ఏడ్చిందట."

పెద్దబాతు మేడమ్ నరాన్ వైపు తిరిగింది. "నాకెప్పుడూ చెప్పలేదేమే, తల్లీ?"

"మీరెప్పుడూ అడగలేదు మేడమ్."

మేడమ్ లేచొచ్చి వంకర రెక్క మీద తన రెక్క కప్పింది. "ఈసారి వెనక నేనుంటాను" అంది. ఒప్పందం మీద రెండు బళ్ళ తరఫునా ఆ ఇద్దరే కాలిముద్రలు వేశారు. నక్క మాత్రం సాయంత్రం దాకా చెట్టు చెట్టుకీ తిరిగి పళ్ళతో తోరణాలు పీకుతూనే ఉన్నాడు. ఏవి మిగిలాయో చూపిస్తూ వెనక డిప్పడు నడిచాడు, తన నడకతోనే.

నీతి: చుట్టాలొచ్చిన రోజున మనం ఎవర్ని దాచామో, మన బడి ఎలాంటిదో వాళ్ళనే అడగాలి.